రెండో కాగితం

మార్చి 4, గురువారం

మామయ్యకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే నా జలుబు ఒప్పుకోవడం లేదు. అత్తయ్య మోకాళ్ళు ఒప్పుకుంటాయో లేదో నువ్వే రాయాలి.

నీ చెవులు నీ ఉద్యోగంతో పాటే రిటైరయ్యాయి కాబట్టి ఫోనులో అరవడం మానేసి జాబులు మొదలుపెట్టాను. అత్తయ్యకి చెప్పి నీకు చెప్పమంటే నేనన్నది ఒకటి, నీకు చేరేది ఇంకొకటి. మా రాయబార కార్యాలయం టపా సంచి గురువారం బయల్దేరి సోమవారానికి మన విదేశాంగ శాఖకి చేరుతుందట. అక్కడినుంచి నీకు మంగళవారం. నీ జవాబు వెంటనే బయల్దేరినా నాకు అందేది శనివారం, అప్పటికి నా సంచి వెళ్ళిపోయి ఉంటుంది. అంటే మనిద్దరం ఎప్పుడూ ఒక వారం పాతబడిన మాటలే మాట్లాడుకుంటాం. నీకు అలవాటే కదా, పాత మాటలు!

నువ్వు చేసిన ఉద్యోగమే నేనూ చేస్తున్నాను. పొద్దున్నే ఇక్కడి పత్రికలన్నీ చదివి మన దేశం గురించి ఎవరేం కూశారో చూడటం, మన తరఫున ప్రకటనలు రాయడం. ఇక్కడి పాత గుమస్తా నన్ను చూసి, "కామా గారి మేనకోడలా!" అని కుర్చీ తుడిచి మరీ వేశాడు. ఒక కామా తప్పిపోయిందని నువ్వు మంత్రిగారి గుమ్మం ఎక్కావట కదా. నాకెప్పుడూ చెప్పలేదేం?

అసలు సంగతి. పోయిన నెల పొగమంచులో ఈ దేశపు చేపల పడవ ఒకటి దారితప్పి మన నీళ్ళలోకి వెళ్ళింది. అందులో ఉన్న ఏడుగురినీ మనవాళ్ళు రేవులో పెట్టి, చేపలకొచ్చారా, గూఢచర్యానికొచ్చారా అని విచారిస్తున్నారు. వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు రోజూ మా గేటు ఎదురుగా బస్సు స్టాపు బెంచీ మీద కూర్చుంటారు. నా కిటికీలోంచి కనబడతారు. నీలం స్వెట్టరు వేసుకున్న ఒకావిడ అందరికన్నా ముందొచ్చి అందరికన్నా ఆఖరున వెళ్తుంది. ఆ ఏడుగురిలో చిన్నవాడు ఆవిడ కొడుకట.

ఇప్పుడు ఇక్కడి పత్రికలో ముప్పై ఒక్క ఏళ్ళనాటి ఉమ్మడి ప్రకటన ఒకటి అచ్చయింది. అప్పట్లో రెండు దేశాల మంత్రులూ ఒప్పందమేమీ రాసుకోలేదు. నోటిమాటగా ఒప్పుకున్నదానికి ఆ ప్రకటనే సాక్ష్యం. వీళ్ళ ప్రతిలో చివర ఒక వాక్యం ఉంది: పొగమంచులో దారితప్పిన పడవలను మనుషులతో సహా పది రోజుల్లో తిప్పి పంపాలని. మన ఫైలులోని ప్రతిలో ఆ వాక్యం లేదు. మన కాగితం కింద సంతకం ఎవరిదో తెలుసా? నీదే!

వాళ్ళది దొంగ కాగితమని మావాళ్ళ నమ్మకం. ఖండన రాసే పని నాకు పడింది. ఆ వాక్యం ఉందా లేదా, ఒక్క ముక్క చెప్పు మామయ్యా. నువ్వు చెబితే ఇంకెవరినీ అడగక్కర్లేదు.

నీ కోడలుపిల్ల

*

మార్చి 9, మంగళవారం

కందిరీగకి మామయ్య ఆశీస్సులు.

నీ జాబు నా పేరుతో వచ్చినా చింపింది మీ అత్తయ్య. చదివి, "ఆవిరి పట్టమని రాయండి" అని చెప్పి లోపలికెళ్ళింది. పట్టు. మోకాళ్ళ సంగతి అడగకు, మొదలుపెడితే ఈ కాగితం చాలదు.

కామా గారి పేరు ఇంకా బతికే ఉందన్నమాట. నువ్వు రాసింది చదివాక మా పాత గది కళ్ళకు కట్టింది. అది మెట్ల కింద ఉండేది. ఒకటే కిటికీ, అదీ సైకిళ్ళు పెట్టే చోటు వైపు. మధ్యాహ్నం ఎండకి సైకిలు చువ్వల నీడలు నా బల్ల మీద తిరుగుతుండేవి. ఇద్దరు టైపిస్టులు, నకళ్ళు తీసే సైక్లోస్టైల్ యంత్రం ఒకటి. ఆ సిరా నా గోళ్ళకింద ఆదివారం కూడా ఉండేది. మీ అమ్మ నన్ను గిన్నెలు ముట్టుకోనిచ్చేది కాదు.

ఉమ్మడి ప్రకటన అంటే రెండు రాజధానుల్లో ఒకే గంటకి, ఒకే మాటలతో వెలువడాలి. మరి రెండుచోట్లా ఒకే మాటలున్నాయని తెలిసేదెలా? అందుకని మధ్యాహ్నం మూడింటికి ఫోను. ఇటు నేను, అటు ఒకావిడ. ఒక వాక్యం నేను చదివితే ఆవిడ తన కాగితంలో చూసుకుని "ఉంది" అనాలి. తర్వాతి వాక్యం ఆవిడ చదివితే నేను "ఉంది" అనాలి. ఇలా పద్నాలుగేళ్ళు. ఒకరి మొహం ఒకరం చూడలేదు. మా గదిలో అందరూ ఆవిడని "అవతలి గొంతు" అనేవాళ్ళు. మంత్రులు కీచులాడుకుని ముఖాలు చూసుకోని రోజుల్లో కూడా మూడింటికి ఆ ఫోను మోగేది. ఆవిడకి జలుబు చేస్తే ఈ దేశంలో మొదట తెలిసేది నాకే. వాళ్ళ నాన్నగారు చనిపోయిన వారం ఆవిడ "ఉంది" అనడానికి ప్రతిసారీ కాస్త ఆగింది. నేను తొందరపెట్టలేదు. ఆ రోజులు మళ్ళీ రావు అమ్మాయ్.

నువ్వడిగిన ప్రకటన గుర్తుంది. మీ దగ్గరున్న కాగితం నేనిచ్చిందే. సంతకం నాదే. పత్రికలవాళ్ళ చేతికి వెళ్ళింది అదే, అందులో ఎవరూ ఒక్క అక్షరం కలపలేదు, తియ్యలేదు. ప్రకటన ఒక్క కాగితం దాటితే మా అధికారి చిరాకుపడేవాడు. ఫైలులో "మొత్తం కాగితాలు: ఒకటి" అని ఉంటుంది చూడు, అదీ నా చేతిరాతే.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. పెరటి గోడ పగులిచ్చింది, మేస్త్రీ వస్తానని మూడు వారాలైంది. వేళకి తిను.

నీ మామయ్య

*

మార్చి 18, గురువారం

మామయ్యా,

నీ జాబు పట్టుకుని రాయబారిగారి గదికి పరుగెత్తాను. ఆయన రెండుసార్లు చదివి, "ఇంకేం కావాలి!" అన్నారు. సోమవారం ఖండన ఇచ్చేశాం. ఇక్కడ అచ్చయిన ప్రతి కల్పితమని, ఆనాడు ఆ ప్రకటనను స్వయంగా విడుదల చేసిన అధికారి ఈ సంగతి ధ్రువీకరించారని రాశాను. గేటు పక్క నోటీసు బోర్డుకీ అంటించాం. మన శాఖనుంచి నాకు మెచ్చుకోలు కూడా వచ్చింది. నీ పుణ్యమే.

ఒక్క విషయం మాత్రం మనసులో ముల్లులా ఉంది. వాళ్ళ పత్రికకి ఆ ప్రతి ఇచ్చినావిడ ఫోటో మర్నాడు వేశారు. బాగా పెద్దావిడ, బట్టలు కుట్టే దుకాణం పై అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఒకప్పుడు వాళ్ళ ప్రకటనల విభాగంలో పనిచేసిందట. మన ఖండన చూశాక వాళ్ళ దేశంవాళ్ళే ఆవిడ మీద పడ్డారు. దొంగ కాగితం పుట్టించి దేశం పరువు తీసిందని ఎవరో ఆ మెట్ల గోడ మీద రంగుతో రాశారు. విలేకరులు అడిగితే ఆవిడ అన్నది ఒకటే మాట: "అవతల చదివిన మనిషిని అడగండి."

నీ అవతలి గొంతు ఈవిడేనా మామయ్యా? అయితే నీకు కష్టంగానే ఉంటుంది. వయసు మీదపడితే మంచి మనుషుల జ్ఞాపకం కూడా మనసుకి నచ్చినట్టు కథ అల్లుకుంటుంది. ఆవిడ కావాలని చేసి ఉండకపోవచ్చు. నువ్వు బాధపడకు.

నీలం స్వెట్టరావిడ నోటీసు బోర్డు దగ్గర చాలాసేపు నిలబడింది. ఆవిడకి చదువు రాదు. పక్కవాళ్ళు చదివి చెప్పారు. మళ్ళీ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

గోడ పగులు మీద తడి పడనివ్వకు. జలుబు తగ్గింది.

నీ కోడలుపిల్ల

*

మార్చి 23, మంగళవారం

అమ్మాయ్,

మేస్త్రీ గురించీ మోకాళ్ళ గురించీ ఈసారి రాయను.

ఆ వాక్యం ఉంది. ఆ రోజు మూడింటికి ఫోనులో దాన్ని చదివింది ఆవిడ, "ఉంది" అన్నది నేను.

ప్రకటన ఆరోజు ఒక కాగితంలో పట్టలేదు. రెండో కాగితం మీదకి వెళ్ళింది ఆ ఒక్క వాక్యమే. అయిదింటికి విలేకరులు వరండాలో నిలబడి ఉన్నారు. నకళ్ళు తీసే మైనపు కాగితం ఉంటుందే, ఆ స్టెన్సిల్ మొదటిది బాగానే వచ్చింది. రెండోది యంత్రానికి ఎక్కిస్తుంటే అడ్డంగా చిరిగిపోయింది. మళ్ళీ టైపు చేయించాలంటే అరగంట. అధికారి గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. మా పద్ధతిలో సంతకం ఆఖరి కాగితం మీదే ఉండాలి. నేను మొదటి కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాను. రెండోది పొద్దున్నే పంపుదాంలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

పొద్దున పత్రికలన్నీ ఆ వాక్యం లేకుండానే వచ్చాయి. అధికారి దగ్గరికి వెళ్తే, "ఎవరైనా అడిగితే చూద్దాం, ఇప్పుడు కెలక్కు" అన్నాడు. ఆ నెలలోనే నా పదోన్నతి కాగితం ఆయన బల్ల మీద ఉంది. కామా కోసం మంత్రి గుమ్మం ఎక్కినవాణ్ణి వాక్యం కోసం ఎక్కలేదు. గదికి వెళ్ళి ఫైలు తీసి "మొత్తం కాగితాలు: ఒకటి" అని రాశాను. స్టెన్సిల్ చిరగడం పొరపాటు. ఈ రాత పొరపాటు కాదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసింది. "మీ పత్రికల్లో ఆఖరి వాక్యం కనబడలేదు" అంది. "ఇక్కడ కాగితం తప్పిపోయింది, దిద్దుతున్నాం" అన్నాను. ఆవిడ నమ్మింది. ఇంకెప్పుడూ అడగలేదు. కానీ ఆ తర్వాత ఏడేళ్ళపాటు ప్రతి ప్రకటనలోనూ ఆఖరి వాక్యం రెండుసార్లు చదివేది. నేనూ రెండుసార్లు "ఉంది" అనేవాణ్ణి. తేలు కుట్టిన దొంగనై పదవీ విరమణ దాకా ఉద్యోగం చేశాను.

ఇక నీకు రాసిన జాబు సంగతి. అందులో ఒక్క అబద్ధం లేదు, మళ్ళీ చదివి చూడు. నువ్వు ఆ వాక్యం ఉందా అని అడిగావు. నేను ఆ కాగితం నాదేనా అన్నదానికి జవాబిచ్చాను. నలభై ఏళ్ళు ఆ విద్యతోనే బతికాను, చెయ్యి తిరిగింది. కానీ దాన్ని నీ మీద వాడతానని అనుకోలేదు. ఆ మంగళవారం జాబు మడిచి కవరులో పెట్టి మళ్ళీ బయటికి తీశాను. అయినా పెట్టాను.

చిరిగిన స్టెన్సిల్‌కి ముందు టైపు చేసిన అసలు రెండో కాగితం ఇందులో పెట్టాను. ఇన్నేళ్ళూ ఇంటి దస్తావేజుల మధ్య ఉంది. మీ అత్తయ్యకి కూడా తెలియదు. పైన తేదీ, పుట సంఖ్య ఉన్నాయి, అంచున నేను పెట్టిన టిక్కు ఉంది.

ఆవిడ జ్ఞాపకం ఏ కథా అల్లుకోలేదమ్మా.

మామయ్య

*

ఏప్రిల్ 1, గురువారం

మామయ్యకి,

నీ మొదటి జాబు మళ్ళీ చదివాను. నిజమే, ఒక్క అబద్ధం లేదు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. అబద్ధమాడి ఉంటే ఏదో భయపడ్డావులే అనుకునేదాన్ని. నువ్వు నన్ను కూర్చోబెట్టి సైకిలు చువ్వలు చూపించి, ఆవిడ జలుబు గొంతు వినిపించి, నా కళ్ళు చెమర్చేలా చేసి, అదే చేత్తో గోతిలోకి తోశావు. నేను ఆవిడ గురించి నీకు ఓదార్పు రాశాను చూడు, అది గుర్తొస్తే తల ఎత్తలేకపోతున్నాను.

చిన్నప్పుడు నా వ్యాసాలు దిద్దుతూ, "నీకు తెలిసింది రాయి, తెలిసినట్టు కనబడేది రాయకు" అనేవాడివి. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చింది ఆ మాట పట్టుకునే.

రెండో కాగితం రాయబారిగారికి చూపించాను. ప్రభుత్వం తప్పు ఒప్పుకుంటే రేపటినుంచి మనం చెప్పే ప్రతిదానికీ రుజువు అడుగుతారు అన్నారు. కొన్నాళ్ళు ఆగి, మానవతా దృక్పథంతో అని చెప్పి ఆ ఏడుగురినీ వదిలేద్దాం, కాగితం మాట ఎత్తొద్దు అన్నారు. మరి ఆ పెద్దావిడ? "తర్వాత చూద్దాం" అన్నారు. నీ అధికారి మాటలాగే ఉంది కదూ? గట్టిగా అడిగితే, సాంకేతిక లోపం వల్ల పొరపాటు జరిగిందని రెండు ముక్కలు వేద్దాంలే అన్నారు.

ఏ సాంకేతిక లోపం మామయ్యా? స్టెన్సిలా? నువ్వా? నేనా?

ఇక్కడ నీ పేరు బయటపెట్టాలంటే నాకు చేతులు రావడం లేదు. పెట్టకపోతే నిద్ర రావడం లేదు. ఇంతకంటే రాయలేను.

*

ఏప్రిల్ 6, మంగళవారం

కందిరీగా,

కుట్టావు. కుట్టాల్సిన చోటే కుట్టావు. సంతకం పెట్టని జాబు నీనుంచి ఇదే మొదటిది.

నీ జాబు అందకముందే, పోయిన శుక్రవారం నేను శాఖకి వెళ్ళొచ్చాను. ముందు మీ అత్తయ్యకి చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆవిడ లేకపోతే నాకు చెవుల్లేవు. అంతా విని, "ఆ పదోన్నతి వచ్చిన రోజున మీరెందుకు అన్నం తినలేదో ఇన్నాళ్ళకి తెలిసింది" అంది. తర్వాత చెప్పులు వేసుకుంది. రెండు బస్సులు మారాం. మోకాళ్ళ మాటే ఎత్తలేదు.

నా పాత గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలు పెట్టారు. కార్యదర్శి గది మూడో అంతస్తులో. ఆయనకి నా మనవడి వయసుంటుంది, మర్యాదస్తుడు. గొంతు తగ్గించి, "ఈ విషయం మనలో మనకే ఉండాలి" అన్నాడు. నాకు వినబడలేదు. మీ అత్తయ్య నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఈ విషయం మనలో మనకే ఉండాలట!" అని అరిచింది. వరండాలో టీ తాగుతున్నవాళ్ళందరూ గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆయన ఇంకా తగ్గించి, "మీ పింఛనుకీ పేరుకీ ఇబ్బంది" అన్నాడు. ఆవిడ అదీ అరిచింది. ఇంక దాచడానికి ఏం మిగల్లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ భవనంలో నాకు నవ్వొచ్చింది.

అక్కడే కూర్చుని నా చేత్తో ఒక కాగితం రాసి సంతకం పెట్టాను. స్టెన్సిల్ చిరిగింది, కాగితం దాచింది నేను, ఫైలులో తప్పు సంఖ్య రాసింది నేను, మార్చిలో అడిగినప్పుడు సగం జవాబిచ్చి మన అధికారిణిని తప్పుదారి పట్టించింది నేను అని. పది రోజుల్లోగా శాఖ దీన్ని ప్రకటించకపోతే బయట పత్రికకి నేనే ఇస్తానని చెప్పాను. నీ రాయబారిగారికీ అదే కాగితం నకలు వస్తుంది.

సాంకేతిక లోపం అని మాత్రం రాయనివ్వకు. లోపానికి పేరు ఉంది, ఇంటి చిరునామా ఉంది. నా పేరు పూర్తిగా వెయ్యి. ఆవిడ నిజం చెప్పిందని విడిగా, స్పష్టంగా వెయ్యి. నన్ను కాపాడాలని చూడకు. నీకు చేతులు రాకపోతే నా మీద కోపం తెచ్చుకుని రాయి, ఎలాగూ ఉంది కదా.

ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళ గురించి నువ్వు మొదటి జాబులోనే రాశావు. నేను చదివాను. చదివి సైకిలు చువ్వల గురించి రాశాను. దీనికి క్షమాపణ ఎవరికి చెప్పాలో నాకు తెలియడం లేదు.

మామయ్య

*

ఏప్రిల్ 22, గురువారం

మామయ్యా,

నీకు పత్రికలు అందే ఉంటాయి. పన్నెండో తారీఖున ప్రకటన వెలువడింది. నేనే రాశాను. నీ పేరు పూర్తిగా వేశాను, రాస్తుంటే కోపం సాయానికి రాలేదు. మీ వీధిలో ఎవరైనా ఏమైనా అంటే అత్తయ్యని వాళ్ళ మీదకి పంపు. నన్ను ఈ పనిలోంచి తీసి జూన్ నుంచి దస్త్రాల గదిలో వేస్తున్నారు. రాయబారిగారు చేయి కలిపి మరీ చెప్పారు. ఫరవాలేదు. కాగితాలు లెక్కపెట్టే మనిషి ఒకరుండాలి కదా మన శాఖలో.

ప్రకటన పట్టుకుని ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. మెట్ల గోడకి కొత్తగా సున్నం వేశారు గానీ అక్షరాలు లోపల్నించి కనబడుతున్నాయి. కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. "ఆయన దిద్దలేదని నాకు మర్నాడే తెలుసు" అంది. మరి ఎందుకు ఊరుకున్నారు అని అడిగాను. "అడిగితే ఆయన స్థానంలో ఇంకొకళ్ళు వచ్చేవాళ్ళు. నాకు ఆ గొంతు అలవాటైపోయింది. నా తప్పూ అదే" అంది. నీకో జాబు ఇచ్చింది, ఇందులో పెట్టాను. కవరు అంటించి ఉంది. నేను చదవలేదు, అత్తయ్యని కూడా చింపనివ్వకు.

నీ మీద కోపం తీరలేదు. మే నెలలో వస్తున్నాను, ఎదురుగా కూర్చుని పోట్లాడతాను. నీకు వినబడేదాకా అరుస్తాను.

ఇది చెప్పాలి. పన్నెండున ప్రకటన బోర్డుకి అంటిస్తుంటే నీలం స్వెట్టరావిడ వచ్చి చదవమంది. చదివాను. పది రోజుల్లో పంపాల్సిన మాట నిజమేనని, మీ అబ్బాయి వచ్చేస్తాడని చెప్పాను. ఆవిడ అంతా విని, "మొన్న ఇక్కడ అంటించిన కాగితం ఎవరు రాశారమ్మా?" అని అడిగింది. నేనే అన్నాను. "ఇది?" ఇదీ నేనే అన్నాను. ఆవిడకి కోపం లేదు మామయ్యా, అదే భరించలేకపోయాను. "మరి నేనేది నమ్మాలి?" అని అడిగింది. ఆవిడ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

పదిహేడున ఏడుగురూ ఇక్కడి రేవులో దిగుతున్నారని కబురొచ్చింది. మిగతా ఆడవాళ్ళందరూ లేచి పరుగున వెళ్ళారు. నేను కిందికి వెళ్ళి ఆవిడని కూడా బతిమాలాను, మా కారులో తీసుకెళ్తానన్నాను. కదలలేదు. "వాడొస్తే వాడే వస్తాడు" అంది.

సాయంత్రం నాలుగింటికి ఆ కుర్రవాడు బస్సు దిగి బెంచీ దగ్గరికి నడుచుకుంటూ వచ్చాడు. ఆవిడ లేచి వాడి మొహం, చెవులు, చేతులు తడిమి చూసింది. తర్వాత తల ఎత్తి నా కిటికీ వైపు చూసింది. నేను పక్కకి తప్పుకున్నాను.

నీ కోడలుపిల్ల